పాతిక సెంట్లలో పాడికి బలము — లూసర్న్ సాగు



మన పల్లెలలో పశువుల మేత అనగానే ముందుగా కంటికి కనబడునది వరిగడ్డి వామి. వరిగడ్డి పశువు కడుపు నింపును గాని పాలకుండ నింపదు. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించి ఉండవు. పశువుకు విటమిన్ 'ఏ' నిచ్చు పచ్చదనము ఎండిన గడ్డిలో ఇంచుమించు మిగలదు. ఈ లోటు తీర్చుటకే రైతు బజారు నుండి వేరుశనగ చెక్క, పత్తి చెక్క, తవుడు కొని తెచ్చుకొనుచున్నాడు. పాలు పోసి తెచ్చిన సొమ్ము దాణా కొట్టులోనే ఖర్చయిపోవుచున్నదని వాపోవు రైతులు ప్రతి గ్రామములోను కలరు.

ఈ దాణా ఖర్చులో కొంత భాగమును మన చేనిలోనే పండించుకొనుటకు వీలున్నది. బావి లేక బోరు క్రింద ఏడాది పొడుగునా నీరుండు నేల పాతిక సెంట్లు, అనగా తెలంగాణ లెక్కలో పది గుంటలు, ఉన్న రైతు లూసర్న్ వేసి రెండు పాడి పశువులకు దినదినము బలమైన పచ్చిమేత సమకూర్చుకొనగలడు. అయితే ఈ పైరు నిలుచుట, నిలువకపోవుట మూడు విషయములపై ఆధారపడి యున్నది. అవి కల్తీలేని విత్తనము, నీరు నిలువని నేల, వేళకు కోత. ఈ మూడింటిలో ఏది తప్పినను మూడేండ్లు నిలువవలసిన పైరు ఏడాదిలోపే పలుచబడి పోవును.

లూసర్న్ ఎట్టి పైరు?

లూసర్న్ మన కంది, పెసర, మినుముల వలె పప్పుజాతికి చెందిన మొక్క. మెంతి మొక్కను పోలియుండును. ఒక్కొక్క కాడకు మూడేసి చిన్న ఆకులు, ఊదారంగు పూలు ఉండును. కొన్ని దేశములలో దీనినే ఆల్ఫాల్ఫా అందురు. దీని పుట్టిల్లు పారశీక దేశ ప్రాంతము. పూర్వము గుర్రములకు దీనిని మించిన మేత లేదని పేరు. తమిళనాడులో నేటికిని దీనిని 'కుదిరై మసాల్' అని పిలుచుట అందువలననే. కుదిరై అనగా గుర్రము.

ఒకసారి నాటుకొన్నచో ఈ మొక్క మూడు నాలుగేండ్లు బ్రతుకును. తల్లివేరు నేలలోనికి చాల లోతుగా దిగును. వేరు పైభాగమున, నేలకు సమముగా, ఒక దుబ్బు ఏర్పడును. కోసిన ప్రతిసారి ఆ దుబ్బు నుండియే క్రొత్త పిలకలు లేచును. కావున ఈ పైరుకు ప్రాణమంతయు ఆ దుబ్బులోను, దాని క్రిందనున్న వేరులోను ఉన్నదని గుర్తుంచుకొనవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'హెడ్జ్ లూసర్న్' అను పేరుతో వేరొక మొక్క విత్తనము కూడ బజారులో దొరకును. మన రైతులు దానిని దశరథ గడ్డి అందురు. అది గుబురుగా, కొయ్యబారి పెరుగు మొక్క. వేడి ప్రాంతములకు బాగుగా తట్టుకొనును. అదియును మంచి మేతయే గాని అది వేరు, ఇది వేరు. విత్తు కాలము, విత్తనపు మోతాదు, కోత పద్ధతి రెండింటికిని భిన్నముగా నుండును. కొనునప్పుడు ఏది కావలెనో స్పష్టముగా అడిగి తీసికొనవలెను.

లెక్క వేసి చూడుడు

పచ్చి లూసర్న్ 10 కిలోలలో నీరు పోగా మిగులు పొడి పదార్థము సుమారు 2 కిలోలు. ఈ పొడి పదార్థములో మాంసకృత్తులు నూటికి 18 పాళ్ళని లెక్కించినచో 360 గ్రాములగును. ఇన్ని మాంసకృత్తులు వేరుశనగ చెక్క రూపమున కావలెనన్న ఇంచుమించు 800 నుండి 900 గ్రాముల చెక్క పెట్టవలసి యుండును. మీ ఊరిలో చెక్క ధర మీకు తెలియును గదా! పాడి పశువు ఒక్కింటికి దినమునకు ఎంత మిగులునో మీరే లెక్క కట్టుకొనుడు.

బాగుగా సాగుచేసిన ఎకరములో ఏడాదికి పది కోతలలో సుమారు 30 టన్నుల పచ్చిమేత వచ్చును. ఆ లెక్కన పాతిక సెంట్లలో ఏడున్నర టన్నులు, అనగా సగటున దినమునకు 20 కిలోలు. రెండు పాడి పశువులకు తలకు 10 కిలోల చొప్పున ఇది సరిపోవును. అయితే ఇది సగటు మాత్రమే. ఎండలు ముదిరినప్పుడును, వానలు ముసురుపట్టినప్పుడును దిగుబడి తగ్గును, చలికాలములో పెరుగును.

ఎట్టి నేల కావలెను?

లోతైన, మురుగు పోవు ఒండ్రు నేలలు, గరపనేలలు, మధ్యరకపు నల్లరేగళ్ళు, సారముగల ఎర్రనేలలు అనుకూలమైనవి. ఉదజని సూచిక 6.5 నుండి 7.5 వరకు ఉన్న నేల మేలు. పుల్లనేలలు, చౌడు నేలలు, వాన వెలసిన మరునాడు కూడ నీరు నిలుచు పల్లపు నేలలు పనికిరావు. మొక్క వేరు నీటిలో నానినచో కుళ్ళును. పైకి ఆకు పసుపుబారినప్పటికే లోపల వేరు చెడియుండును. కావున మెరకగా నున్న చోటు ఎంచుకొని, చుట్టును మురుగు కాలువ తీయవలెను.

వేసవిలో బావి ఎండిపోవు రైతులు లూసర్న్ జోలికి పోకుండుటయే మంచిది. అట్టివారు వానకాలములో అలసంద, మాగాణి కోసిన పిమ్మట తేమ ఉన్నంత వరకు పిల్లిపెసర, జనుము వేసి పప్పుజాతి మేత సమకూర్చుకొనవచ్చును.

విత్తనము — మొదటి జాగ్రత్త

లూసర్న్ సాగులో రైతు ఎక్కువగా నష్టపోవునది విత్తనము కొనుటలోనే. కారణము బంగారు తీగ. కొన్నిచోట్ల దీనిని సీతమ్మ పోగునూలు అని కూడ అందురు. ఇది ఆకులు లేని, పసుపుపచ్చని దారము వంటి తీగ. తన ఆహారము తాను తయారు చేసికొనలేదు. మొలకెత్తిన కొద్ది దినములలో ప్రక్క మొక్కను చుట్టుకొని, దాని కాడలోనికి పీల్చుడు వేళ్ళు దింపి సారము లాగివేయును. పిదప నేలతో దానికి పనిలేదు. ఒక మొక్క నుండి మరియొక మొక్కకు అల్లుకొని, అరచేతి వెడల్పున మొదలైనది చూచుచుండగనే మడియంతయు కప్పివేయును. కృష్ణా, గుంటూరు ప్రాంతములలో మాగాణి మినుము వేయు రైతులకు దీని సంగతి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు.

ఈ తీగ విత్తనము లూసర్న్ విత్తనములో కలిసి మన చేనికి వచ్చును. లూసర్న్ గింజ నున్నగా, పసుపు వన్నెతో, చిన్న చిక్కుడు గింజ ఆకారములో ఉండును. బంగారు తీగ గింజ అంతకంటె చిన్నది. గుండ్రముగా, గరుకుగా, మట్టిరంగులో ఉండును. కొనబోవు విత్తనము గుప్పెడు తీసి తెల్లకాగితముపై పలుచగా పరచి, భూతద్దముతో చూచినచో తేడా తెలియును. అనుమానము కలిగిన విత్తనము ఎంత చౌకగా వచ్చినను కొనరాదు. నేలలో రాలిన బంగారు తీగ గింజలు పదేండ్లు దాటియు మొలకెత్తగలవు. చౌక విత్తనముతో మిగిలిన నాలుగు రూపాయలకు పదేండ్లపాటు కలుపుతీత వెల చెల్లించవలసి వచ్చును. ముద్రగల ధ్రువీకరణ విత్తనమునే కొని, రశీదును, సంచి చీటీని దాచియుంచుకొనవలెను.

గుజరాతులోని ఆనంద్ నుండి వచ్చిన ఆనంద్-2, మహారాష్ట్రలోని రాహురి నుండి వచ్చిన ఆర్.ఎల్.-88, కోయంబత్తూరు నుండి వచ్చిన కో-1, వీటితో పాటు టి-9 అను రకము పేరు పొందినవి. కొన్ని రకములు ఏడాదితో ముగియును; కొన్ని మూడు నాలుగేండ్లు నిలుచును. మీరు కొను రకము ఎన్నాళ్ళు నిలుచునదో ముందుగా తెలిసికొనుడు. మీ నేలకు తగిన రకమేదో మండల వ్యవసాయాధికారిని గాని, పశువైద్యశాలలో గాని అడుగవలెను.

విత్తుట

అక్టోబరు రెండవ పక్షము నుండి నవంబరు నెలాఖరు వరకు విత్తుటకు తగిన కాలము. చలి మొదలగుచుండగా విత్తినచో మొక్క ఎండలు వచ్చులోపల వేరు దింపుకొనును. వేసవిలో విత్తిన పైరు మొలక దశలోనే ఎండదెబ్బకు, కలుపునకు లోనగును.

నేలను మూడు నాలుగుసార్లు దున్ని, పెడ్డలు లేకుండ మెత్తగా చేసి, చదును చేయవలెను. ఈ విత్తనము చాల చిన్నది. కిలోకు నాలుగైదు లక్షల గింజలు తూగును. పెడ్డల నడుమ పడిన గింజ మొలవదు. లోతుగా పడిన గింజ పైకి రాలేదు. ఎకరమునకు 8 నుండి 10 కిలోల చొప్పున పాతిక సెంట్లకు రెండు, రెండున్నర కిలోలు చాలును. మెత్తని ఇసుకలో కలిపి, అడుగు ఎడముగల సాళ్ళలో అర అంగుళమునకు మించని లోతున విత్తి, పలుచగా మట్టి కప్పవలెను. వెదజల్లుటకంటె సాళ్ళలో విత్తుట మేలు. కలుపు తీయుటకు దారి ఉండును. బంగారు తీగ కనబడినపుడు ఆ చోటికి పోవుట సులభమగును.

విత్తుటకు ముందు గింజలకు రైజోబియం పట్టించుట మరువరాదు. ఈ సూక్ష్మజీవులు వేరు బుడిపెలలో చేరి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించును. కాని మినుముకు, వేరుశనగకు వాడు పొట్లము లూసర్నుకు పనికిరాదు. దీని సూక్ష్మజీవి వేరు. మెంతి పైరుకును అదియే పనిచేయును. లీటరు నీటిలో 100 గ్రాముల బెల్లము వేసి కాచి, చల్లార్చి, అందులో పొట్లములోని పొడిని కలిపి, తగినంత మాత్రమే గింజలకు పట్టించి నీడన ఆరబెట్టి, ఆ దినముననే విత్తవలెను.

ఎరువులు

ఆఖరి దుక్కిలో పాతిక సెంట్లకు రెండు, రెండున్నర టన్నుల బాగుగా మాగిన పశువుల ఎరువు వేయవలెను. మాగని పేడ వేసినచో కలుపు గింజలను మనమే చల్లినట్లగును. దానితోపాటు 60 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, నాలుగైదు కిలోల యూరియా, ఆరేడు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ దుక్కిలో కలియబెట్టవలెను. యూరియా మొలక దశకు మాత్రమే. వేళ్ళకు బుడిపెలు ఏర్పడిన పిదప నత్రజని మొక్కయే సంపాదించుకొనును. ప్రతి కోతకు యూరియా వేయుట వలన కలుపు బలియునే గాని లూసర్నుకు లాభము లేదు. కాని భాస్వరమును ఏటేట, చలికాలము ఆరంభములో మరల వేయుచుండవలెను. నేల పరీక్ష చేయించి, దాని ప్రకారము మోతాదులు సవరించుకొనుట ఉత్తమము.

నీరు, కలుపు

విత్తిన వెంటనే పలుచగా ఒక తడి, నాలుగైదు దినములకు రెండవ తడి ఇవ్వవలెను. మొక్క నిలదొక్కుకొను వరకు వారమున కొకసారి, పిదప చలికాలములో 12–15 దినములకు, వేసవిలో 7–10 దినములకు ఒకసారి నేల స్వభావమును బట్టి తడులు పెట్టవలెను. నీరు మడిలో పారి ఇంకిపోవలెనేగాని నిలువరాదు.

మొదటి రెండు నెలలు మొక్క మెల్లగా పెరుగును. కలుపు వేగముగా పెరుగును. ఈ రెండు నెలలలో రెండుసార్లు కలుపు తీసినచో పిదప పైరు తానే కలుపును అణచును. వానకాలములో మరల ఒకసారి శ్రద్ధ వహింపవలెను.

బంగారు తీగ కనబడినచో తీగను లాగివేయుటతో తృప్తిపడరాదు. తెగిన ముక్క మరల చుట్టుకొనును. తీగ ఉన్నచోటనే గాక చుట్టును మూడడుగుల మేర పైరును నేలమట్టముగా కోసి, అక్కడనే ఎండబెట్టి కాల్చివేయవలెను. పూత రాకముందే ఈ పని జరుగవలెను. గింజకట్టిన తీగను పశువులకు మేపరాదు. ఆ గింజలు పశువు కడుపులో చావక పేడతో బయటికి వచ్చి, ఎరువుతో మరల చేనికి చేరును.

పేనుబంక, ఆకుతినే పురుగు వచ్చినచో మందు చల్లుటకు తొందరపడక, కోత దగ్గరపడిన మడిని కోసివేయుటయే తేలికైన ఉపాయము. ఇది పశువు నోటికి, ఆ పిదప పాల రూపమున మన బిడ్డల నోటికి పోవు మేత. తప్పనిసరియై మందు చల్లినచో అధికారి చెప్పిన గడువు తీరువరకు ఆ మడిని కోయరాదు.

కోత — ముప్పది మడుల పద్ధతి

విత్తిన 55–60 దినములకు మొదటి కోత వచ్చును. పిదప 25–30 దినముల కొకసారి, నూటికి పది మొక్కలు పూతకు వచ్చునప్పటికి కోయవలెను. నేలకు రెండు మూడంగుళముల ఎత్తున కొడవలి ఆడించవలెను. ఇంకను క్రిందికి కోసినచో దుబ్బు మీది మొగ్గలు తెగిపోవును.

ఇంత పట్టింపు ఎందుకని అడుగవచ్చును. కోసిన మొక్కకు ఆకు లేదు. క్రొత్త పిలక లేచుటకు కావలసిన ఆహారమంతయు వేరులో దాచియున్న నిల్వ నుండియే రావలెను. పిలక పెరిగి, ఆకు విచ్చుకొని, పూత దశకు వచ్చునప్పటికి ఆ నిల్వ మరల నిండును. మేత కరువై పదిహేను దినములకే కోసినచో నిల్వ నిండక మునుపే తీసికొన్నట్లగును. ఇట్లు రెండు మూడుసార్లు జరిగినచో వేరు ఖాళీయై మొక్క చచ్చును. అట్లని పూత ముదురువరకు ఆగినచో కాడ గట్టిపడి, క్రింది ఆకు రాలి, మేతలో సారము తగ్గును. మాంసకృత్తులలో అధిక భాగము ఆకులోనే ఉన్నవి.

వేళకు కోత జరుగుటకు సులువైన దారి మడులను దినములతో ముడిపెట్టుట. పాతిక సెంట్లను ముప్పది సమానమైన మడులు చేయుడు. ఒక్కొక్కటి ఇంచుమించు 40 చదరపు గజములుండును. దినమున కొక మడి కోసి పశువులకు వేయుడు. ముప్పదవ మడి ముగియునప్పటికి మొదటి మడి మరల కోతకు సిద్ధముగా నుండును. ఏ దినమున ఏ మడి కోయవలెనో ఇంటిలో ఎవరిని అడిగినను చెప్పగలరు. మొదటి కోతలో అన్ని మడులు ఒకేసారి వచ్చును గనుక దినమునకు రెండేసి మడులు కోసి, మిగిలిన మేతను ఎండబెట్టుకొనుడు. రెండవ తిరుగు నుండి వరుస కుదురును.

ఎండబెట్టునప్పుడు ఆకు రాలకుండ చూచుట ముఖ్యము. మంచు తేమ ఉన్న ప్రొద్దుటి వేళనే తిరుగవేసి, పిదప నీడలో ఆరబెట్టి కట్టలు కట్టవలెను.

మేపుటలో జాగ్రత్తలు

లూసర్న్ బలమైన మేత. బలమైన దానిని మితముగానే వాడవలెను. ఆకలిమీదనున్న పశువుకు లేత లూసర్న్, అందులోను మంచుతోనో వానతోనో తడిసినది, ఒక్కసారిగా వేసినచో పొట్టలో నురుగు కట్టి కడుపుబ్బరము వచ్చును. ఎడమ డొక్క ఉబ్బి, పశువు ఊపిరి ఆడక కొన్ని గంటలలోనే ప్రాణము విడుచుటయు కలదు. దీనికి విరుగుడుగా ఈ క్రింది నియమములు పాటింపుడు.

1. కోసిన మేతను రెండు మూడు గంటలు వాడనిచ్చి వేయవలెను.
2. ముందుగా కొంత వరిగడ్డి గాని, జొన్నచొప్ప గాని మేపి, పిదప లూసర్న్ వేయవలెను. రెండింటిని ముక్కలు చేసి కలిపి వేయుట మరియు మంచిది.
3. మొదటి దినమున రెండు కిలోలతో ఆరంభించి, పది దినములలో పూర్తి మోతాదునకు తేవలెను.
4. పచ్చిమేత మొత్తములో లూసర్న్ మూడవవంతు, జొన్న, మొక్కజొన్న, నేపియరు వంటి గడ్డిజాతి మేత రెండు వంతులు ఉండవలెను.
5. పశువులను చేనిలోనికి తోలి మేపరాదు. ఉబ్బరమునకును, దుబ్బులు నలిగి చెడుటకును అదియే కారణము.

ఉబ్బరము కనబడినచో పశువును ముందుకాళ్ళు ఎత్తున ఉండునట్లు నిలబెట్టి, పావు లీటరు వంటనూనె పొలమారకుండ నెమ్మదిగా త్రాగించి, తక్షణము పశువైద్యుని పిలువవలెను.

లూసర్నులో కాల్షియము మెండు, భాస్వరము తక్కువ. కావున తవుడును, ఖనిజ లవణ మిశ్రమమును పూర్తిగా మానరాదు. ఈనుటకు రెండు మూడు వారముల ముందు చూడి పశువుకు లూసర్న్ బాగుగా తగ్గింపవలెను. లేనిచో ఈనిన పిదప పాలజ్వరము వచ్చు ప్రమాదము కలదు.

గ్రామాధికారులకు ఒక మాట

బంగారు తీగ గట్టు చూచి ఆగదు. కాలువ నీటితో, పేడబండితో, కోసిన గడ్డిమోపుతో ఒకరి చేను నుండి ఊరందరి చేలకు ప్రాకును. లూసర్న్ వేయు రైతులందరు కలిసి విత్తనమును ఒకేచోట, ఒకేసారి, పరీక్షింపబడినదిగా తెప్పించుకొనునట్లు చూచుట మీరు చేయగలిగిన గొప్ప సహాయము. పాల సహకార సంఘము ఉన్న గ్రామములలో ఈ పని మరింత సులభము. తీగ కనబడిన చేను రైతును నిందింపక, నలుగురిని కూడగట్టి పూతకు ముందే కాల్పించవలెను.

పైరు ముగిసిన పిదప

మూడు నాలుగేండ్లకు దుబ్బులు పలుచబడును. ఆ ఖాళీలలో మరల లూసర్న్ గింజ చల్లినచో సరిగా రాదు. పాత వేళ్ళ నుండి వెలువడు పదార్థములు తన జాతి మొలకలనే అణచును. కావున పైరును దున్నివేసి, కనీసము ఒక ఏడాది జొన్న గాని మొక్కజొన్న గాని వేయుడు. లూసర్న్ వేళ్ళు నేలలో విడిచిపోయిన నత్రజని ఆ పైరుకు చేరును. లూసర్నును ప్రక్క చెక్కలో ముందు ఏడాదియే నాటుకొన్నచో మేతకు కొరత ఉండదు.

సోదరులారా! ఒక్కసారిగా ఎకరము వేయవలెనని తొందరపడవద్దు. ఈ అక్టోబరులో మీ బావి దగ్గర అయిదు సెంట్లలో ఆరంభించుడు. విత్తనము చూచి కొనుడు, నీరు నిలువనీయకుడు, వేళకు కోయుడు. ఏడాది తిరిగిన తరువాత కూడ దుబ్బులు ఒత్తుగా నిలిచియున్నచో, అప్పుడు పాతిక సెంట్లకు పెంచుకొనుడు.